అనుభవం ఉన్న పైలట్లు గేటు బయటే ఎందుకున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పైలట్లు దొరకడం లేదని విమానయాన సంస్థలు మొరపెట్టుకుంటున్నాయన్న వార్త ఈ మధ్య మీ పత్రికలో చదివాను. ఇలాంటి వార్తలన్నిటిలోనూ బోయింగ్ సంస్థ అంచనా ఒకటి తప్పకుండా ఉంటుంది. 2024లో వాళ్లు వేసిన లెక్క ప్రకారం 2043 నాటికి ప్రపంచానికి 6,74,000 మంది కొత్త పైలట్లు కావాలి. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఆ వార్తల్లో ఎప్పుడూ కనిపించని మనుషులు కొందరున్నారు. వాళ్లకు లైసెన్స్ ఉంది, మెడికల్ (ఆరోగ్య ధ్రువపత్రం) ఉంది, వేల గంటల అనుభవం ఉంది. ఉద్యోగం మాత్రం లేదు. అందులో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

నేను ఏటీఆర్-72 అనే ప్రొపెల్లర్ విమానానికి కెప్టెన్‌ని. మొదట ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. తర్వాత ఏటీఆర్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కోపైలట్‌గా చేరి, అక్కడే కెప్టెన్‌నయ్యాను. చివరి కొన్నేళ్లు కొత్తగా చేరిన కోపైలట్లను పక్కన కూర్చోబెట్టుకుని లైన్ ట్రైనింగ్ ఇచ్చాను. లాగ్‌బుక్‌లో ఆరు వేల గంటలు దాటాయి. ప్రమాదం లేదు, చెక్ రైడ్‌లో (నైపుణ్య పరీక్షలో) ఫెయిలైన దాఖలా లేదు. నేను పనిచేసిన సంస్థ ఒకరోజు విమానాలు ఆపేసింది. జీతాల బకాయి సంగతి అటుంచితే, అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి ఉందని తర్వాత గానీ తెలిసిరాలేదు. ఆ రోజు నుంచి నా అనుభవానికి గడువు తేదీ పడింది.

విమానయానంతో పరిచయం లేని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. పైలట్ లైసెన్స్ ఉంటే ఏ విమానమైనా నడపొచ్చని చాలామంది అనుకుంటారు. కాదు. పెద్ద విమానాల్లో ఒక్కో రకానికి ఒక్కో టైప్ రేటింగ్, అంటే ఆ రకం నడిపే అర్హత ఉండాలి. ఎయిర్‌బస్ ఏ318, ఏ319, ఏ320, ఏ321 నాలుగింటికీ కలిపి ఒకటే రేటింగ్. బోయింగ్ 737కి వేరు. ఏటీఆర్-42, 72లకు వేరు. కొత్త రేటింగ్ కావాలంటే ముందు క్లాసులో ఆ విమానం సిస్టమ్స్ చదవాలి, తర్వాత సిమ్యులేటర్‌లో (కాక్‌పిట్‌ను పోలిన శిక్షణ యంత్రంలో) సెషన్లు చేయాలి, చివర ఎగ్జామినర్ దగ్గర టెస్ట్ పాసవ్వాలి. అంతా కలిపి సుమారు నెలన్నర, రెండు నెలల పని. ఆ తర్వాత శిక్షకుడైన కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులతో నడిచే మామూలు ఫ్లైట్లలోనే లైన్ ట్రైనింగ్. ఇది పూర్తయ్యాకే పైలట్‌ను విడిగా రోస్టర్‌లో వేస్తారు.

దానికి తోడు రీసెన్సీ, అంటే ఈమధ్య కాలంలో నడిపిన అనుభవం చూస్తారు. గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే ప్రయాణికులతో విమానం నడపడానికి వీల్లేదు. అది అంతర్జాతీయ నియమం. ఏడాదిలో రెండుసార్లు సిమ్యులేటర్‌లో నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది. ఈ నియమాల్లో ఒక్కటి కూడా తీసేయమని నేను అడగను. నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఇవే నన్ను పదునుగా ఉంచాయి. ఎన్ని వేల గంటలున్నా, ఆర్నెల్లకోసారి మళ్లీ విద్యార్థిలా కూర్చోవాల్సి రావడం ఈ వృత్తిలో నాకు నచ్చిన సంగతి.

నా గోడు ఉద్యోగ ప్రకటనల గురించి. సాధారణంగా అవి ఇలా ఉంటాయి: ఆ విమానంపై టైప్ రేటింగ్ ఉండాలి, ఆ టైప్‌పైనే కనీసం 500 గంటలుండాలి, చివరిసారి నడిపి ఆరు నెలలో ఏడాదో దాటకూడదు. సంస్థను బట్టి అంకెలు మారుతాయి గానీ వరస ఇదే. అంటే ఇప్పటికే అదే విమానం, వేరే సంస్థలో, నిన్నటిదాకా నడుపుతున్నవాళ్లు కావాలి. అలాంటి వాళ్లకు చేతిలో ఉద్యోగం ఉండే ఉంటుంది. ఉద్యోగం పోయినవాళ్లకేమో రీసెన్సీ పోతుంది. అది తిరిగి రావాలంటే ఉద్యోగం కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

ఈ షరతుల్లో చాలావరకు చట్టంలో లేవు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాల ప్రకారం ఎయిర్‌లైన్ కెప్టెన్ స్థాయి లైసెన్స్‌కు 1,500 గంటలు కావాలి. అందులో రాత్రి గంటలు 100, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు (బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా నడిపినవి) 75 ఉండాలని కూడా ఉంది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు, ఆమోదించిన కోర్సు వరసగా చేస్తే 150. ఒక టైప్‌పై 500 గంటలు లేకపోతే ఆ విమానం కోపైలట్ సీట్లో కూర్చోకూడదని మాత్రం ఆ ప్రమాణాల్లో లేదు. టైప్ రేటింగ్ గడువు దాటిపోతే ఏం చేయాలో కూడా నిబంధనల్లోనే ఉంది: ఎంత కాలం గ్యాప్ వచ్చిందో చూసి, దానికి తగిన రిఫ్రెషర్ శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పునరుద్ధరించాలి. అంటే చట్టం తిరిగి రావడానికి దారి ఉంచింది. ఆ దారికి అడ్డంగా గేటు పెట్టింది ప్రకటనలే.

దరఖాస్తు పెట్టడమంటే ఏమిటో చెబుతాను. ఇప్పుడంతా ఆన్‌లైనే. లాగ్‌బుక్‌లు బల్ల మీద పరుచుకుని కూర్చోవాలి. మా లాగ్‌బుక్‌లో ప్రతి ఫ్లైట్‌కూ ఒక వరస ఉంటుంది: తేదీ, విమానం రిజిస్ట్రేషన్, ఎక్కడి నుంచి ఎక్కడికి, కదిలిన సమయం, ఆగిన సమయం, కెప్టెన్ పేరు. పేజీ నిండగానే అడుగున కూడిక వేసి, ఆ మొత్తాన్ని తర్వాతి పేజీ పైకి ఎత్తి రాస్తాం. దరఖాస్తులో ఆ మొత్తాలన్నీ విడగొట్టి అడుగుతారు. మొత్తం గంటలు, కెప్టెన్‌గా గంటలు, రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు, శిక్షకురాలిగా గంటలు. ఇక్కడిదాకా నింపుతుంటే ధైర్యంగానే ఉంటుంది. తర్వాత జెట్‌పై గంటలు అని ఒక గడి, 50 టన్నులు దాటిన విమానంపై గంటలు అని ఇంకో గడి, గత 12 నెలల్లో ఎన్ని అని మరో గడి. మూడింటిలోనూ సున్నా వేయాలి. సబ్మిట్ నొక్కి లాగ్‌బుక్‌లు సర్దేలోపే ఫోన్ మోగుతుంది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ప్రస్తుతానికి మీ అర్హతలు సరిపోలడం లేదు. ఈ మెయిల్‌కు జవాబివ్వకండి." అంత తక్కువ టైములో ఏ మనిషీ ఆ ఫారం చదివి ఉండదు. ఏ గడిలో అంకె తక్కువైందో కూడా చెప్పరు. లాగ్‌బుక్‌లో ఆఖరి వరస రాసిన తేదీ ఎదురుగా ఉంటుంది, దానికీ ఈరోజుకూ మధ్య దూరం పెరగడం తప్ప తగ్గడం ఉండదు. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

జెట్ గంటల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నాలాంటి వాళ్లకు ఎక్కువ అన్యాయం జరుగుతోంది. ఏటీఆర్-72 నిండు బరువు 23 టన్నులు. ఏ320 అయితే 78 టన్నుల దాకా ఉంటుంది. ప్రొపెల్లర్ విమానం కదా, చిన్నది కదా అనే చిన్నచూపు ఉంది. కానీ మా పని ఎలా ఉంటుందో చూడండి. జెట్ విమానం మబ్బులూ వానలూ దాటి వాటి పైకి ఎక్కిపోతుంది. మేం 25,000 అడుగులు దాటం. మబ్బులో, మంచులో, కుదుపుల్లో ఎగరడమే మా దినచర్య. రెక్కల అంచున మంచు పేరుకుంటుంటే రెక్కల అంచుకు ఉండే రబ్బరు తొడుగులు (డీ-ఐసింగ్ బూట్లు) ఉబ్బి దాన్ని పగలగొడుతున్నాయో లేదో కళ్లతో చూస్తూ, వేగం ఎంత పడిపోతోందో గమనిస్తూ ఉంటాం. అర గంట, ముప్పావు గంట ఫ్లైట్లు. చిన్న రన్‌వేలు. ఒక డ్యూటీలో నాలుగు ల్యాండింగ్‌లు, ఒక్కోసారి ఆరు. సుదూర ప్రయాణాలు చేసే పెద్ద జెట్ పైలట్‌కు నెలంతా కలిపినా అన్ని ల్యాండింగ్‌లు చేతికి రావు. వాళ్ల పని తేలికని అనడం లేదు. సముద్రాల మీద రాత్రంతా మెలకువగా ఉండి, అలసిన కళ్లతో తెల్లవారుజామున దింపడం వేరే విద్య. నా వాదన ఒక్కటే. గంట అనే కొలతలో ఈ తేడాలేవీ కనిపించవు. ఆరు గంటల ఫ్లైట్‌లో ఒక ల్యాండింగ్ ఉంటుంది, మా ఆరు గంటల్లో ఎనిమిదో పదో ఉంటాయి. ఫారంలో రెండూ ఆరు గంటలే. పైగా మావి లెక్కలోకే రావు.

మరోపక్క అవే సంస్థలు కొత్తవాళ్లను మొదటి నుంచి తయారుచేసే క్యాడెట్ కార్యక్రమాలు నడుపుతున్నాయి. 2006లో ఐకావో మల్టీ-క్రూ పైలట్ లైసెన్స్ అని కొత్తది తెచ్చింది. దానికి సిమ్యులేటర్‌తో కలిపి 240 గంటల శిక్షణ చాలు. ఆ పిల్లలు నేరుగా జెట్ కోపైలట్ సీట్లోకి వెళ్తారు. ఆ విధానం తప్పని నేననను. మంచి శిక్షణ ఇస్తే పిల్లలు చక్కగా తయారవుతారు, నా పక్కన కూర్చున్న కుర్ర కోపైలట్లను చూసే ఈ మాట చెబుతున్నాను. కానీ 240 గంటల కుర్రాడికి జెట్ నేర్పించగలం అనే సంస్థే, ఆరు వేల గంటల కెప్టెన్‌కు నేర్పించలేం అంటే ఎలా నమ్మేది? నేనేమీ కెప్టెన్ సీటే కావాలని పట్టుపట్టడం లేదు. కోపైలట్‌గా మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాను, సీనియారిటీలో అందరికన్నా కిందే ఉంటాను అని దరఖాస్తులో రాస్తూనే ఉన్నాను. క్యాడెట్ స్కీముకేమో నాకు వయసు మించింది, అనుభవం ఎక్కువైంది. అనుభవజ్ఞుల ప్రకటనకేమో అనుభవం తక్కువైంది. ఈ రెండింటి మధ్యలో నిలబడి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

సంస్థల వాదన నాకు తెలియనిది కాదు. శిక్షణ ఇచ్చినదాన్నే కాబట్టి లోపలి సంగతులు చూశాను. సిమ్యులేటర్ స్లాట్లు దొరకవు. లైన్ ట్రైనింగ్ ఇచ్చే కెప్టెన్లు తక్కువ, వాళ్ల రోస్టర్ ఎప్పుడూ నిండే ఉంటుంది. టైప్ ఉన్న పైలట్ వస్తే కొద్ది రోజుల్లో లైన్ మీదకు పంపొచ్చు, లేనివాళ్లను తీసుకుంటే నెలలు పడుతుంది. విమానాలు అద్దెకిచ్చేవాళ్లవీ, బీమావాళ్లవీ షరతులు కొన్నిచోట్ల ఉంటాయి. ఖర్చు పెట్టి నేర్పించాక వదిలేసి వెళ్లిపోతారన్న భయమూ ఉంది, దానికే ఇన్నేళ్లు వదిలి వెళ్లమని బాండ్లు రాయించుకుంటారు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవన్నీ డబ్బుకూ సమయానికీ సంబంధించిన కారణాలు. అలాంటప్పుడు ఆ మాటే చెప్పాలి. "శిక్షణ ఖర్చు మేం పెట్టుకోలేం" అంటే అర్థం చేసుకుంటాం. దాన్ని భద్రత పేరుతో చెప్పినప్పుడే మనసు కష్టపడుతుంది. ఎందుకంటే, మేం భద్రతకు పనికిరామన్న ముద్ర మా మీద పడుతోంది.

చేతికి పదును తగ్గడం కూడా నిజమే. కొన్ని నెలలు నడపకపోతే ముందుగా పోయేది ఇన్‌స్ట్రుమెంట్ల మీద చూపు తిరిగే వేగం. చెక్‌లిస్ట్ మాటలు నోటికి రావు, రేడియోలో జవాబు అర సెకను ఆలస్యమవుతుంది. విమానాన్ని అదుపులో ఉంచే తెలివి, ఆకాశం చూసి పక్కకు మళ్లాలా ఆగాలా అని తేల్చుకునే తెలివి అంత త్వరగా పోవు. పోయినవి తిరిగి రావడానికి సిమ్యులేటర్‌లో కొన్ని సెషన్లు సరిపోతాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇదే జరిగింది. ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా విమాన ప్రయాణికులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 60 శాతం తగ్గారని ఐకావో లెక్క. వేలాది పైలట్లు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు. విమానాలు మళ్లీ లేచినప్పుడు ఏం చేశారు? తమ పైలట్లను సిమ్యులేటర్‌కు పిలిచి, రిఫ్రెషర్ ఇచ్చి, పక్కన శిక్షకుణ్ని కూర్చోబెట్టి మళ్లీ లైన్ మీదకు తెచ్చారు. తమవాళ్లకు నెలల గ్యాప్ వస్తే అది శిక్షణతో తీరిపోయే లోటు అయింది. సంస్థ మూతపడిన మాకు అదే గ్యాప్ అనర్హత అయింది.

టైప్ గంటల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు జెఫ్ స్కైల్స్ గుర్తొస్తారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతిన్న ఏ320ని హడ్సన్ నదిలో దింపారే, ఆ ఫ్లైట్‌లో కోపైలట్ ఆయన. కెప్టెన్ సలెన్‌బర్గర్ పేరు లోకమంతా తెలుసు, ఆయనకు ఆ గౌరవం దక్కాల్సిందే. కోపైలట్ గురించి మాత్రం దర్యాప్తు నివేదికలో ఉన్న ఒక సంగతి చాలామంది గమనించలేదు. స్కైల్స్‌కు మొత్తం 15,643 గంటల అనుభవం ఉంది. అందులో ఏ320 మీద గంటలు 37. అక్షరాలా ముప్పై ఏడు. ఆ టైప్ శిక్షణ అప్పుడే ముగించి లైన్ మీదకు వచ్చారు. ఆ రోజు టేకాఫ్ చేస్తున్నది ఆయనే. పక్షులు తగిలాక కెప్టెన్ కంట్రోల్స్ తీసుకున్నారు. స్కైల్స్ వెంటనే రెండు ఇంజిన్లు పోయినప్పుడు చూసే చెక్‌లిస్ట్ తీసి, ఇంజిన్లను మళ్లీ స్టార్ట్ చేయడానికి చివరిదాకా ప్రయత్నించారు. ఆ చెక్‌లిస్ట్ చాలా ఎత్తులో ఉన్నప్పుడు వాడటానికి రాసినది, పూర్తి చేసేంత సమయం వాళ్లకు లేదు. పక్షులు తగిలిన దగ్గర నుంచి నీళ్లలో దిగేదాకా మూడున్నర నిమిషాలే. విమానంలో ఉన్న 155 మందీ బతికారు.

ఈరోజు ప్రకటనల కొలతతో చూస్తే ఆయన పక్కకు పోవాల్సిన మనిషి. అప్పటికే ఆ సంస్థలో ఉన్నారు కాబట్టి కొత్త టైప్ నేర్పించి పంపారు. అసలు విషయం అక్కడే ఉంది. సంస్థలు తమ పైలట్లను ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారుస్తూనే ఉంటాయి. మారిన ప్రతి ఒక్కరికీ కొత్త టైప్‌పై మొదటి రోజు సున్నా గంటలే ఉంటాయి. అందుకే ఆ టైప్ కొత్తయిన ఇద్దరిని ఒకే కాక్‌పిట్‌లో వేయకుండా జాగ్రత్త పడతారు. శిక్షణ, జోడీ, పర్యవేక్షణ సరిగ్గా ఉంటే సున్నా గంటలతో మొదలుపెట్టినవాళ్లు క్షేమంగానే నడుపుతారని పరిశ్రమకు బాగా తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్ల దగ్గరికొచ్చేసరికే ఆ నమ్మకం ఎందుకు పోతోంది?

దీనికి ఎదురు చెప్పేవాళ్లు కోల్గాన్ ఎయిర్ ప్రమాదాన్ని చూపిస్తారు. 2009లోనే ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర ఆ సంస్థ క్యూ400 విమానం కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. దాని పైలట్లిద్దరూ నాలాగే టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) నడిపినవాళ్లే, అందుకే ఆ నివేదికను నేను చాలాసార్లు చదివాను. రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి (స్టాల్) రాబోతోందని హెచ్చరిస్తూ కంట్రోల్ కాలమ్ వణికినప్పుడు ముందుకు తోయాల్సింది పోయి కెప్టెన్ వెనక్కి లాగారు. ఆయనకు క్యూ400 కెప్టెన్‌గా 111 గంటలే. కాబట్టి టైప్ అనుభవానికి విలువ లేదని నేను ఎన్నటికీ అనను. కానీ ఆయన అంతకుముందు చెక్ రైడ్‌లు ఫెయిలయ్యారు, అందులో కొన్నిటి సంగతి చేర్చుకున్న సంస్థకే తెలియదు. ఇద్దరికీ అలసట ఉంది. ఆ ప్రమాదం తర్వాత అమెరికా చట్టం తెచ్చి 2013 నుంచి కోపైలట్‌కు కూడా 1,500 గంటలు ఉండాలంది. చిత్రం ఏమిటంటే ఆ ఇద్దరికీ 1,500 దాటే ఉన్నాయి, కెప్టెన్‌కు 3,300 పైన, కోపైలట్‌కు 2,200 పైన. అంకె పెట్టడం తేలిక కాబట్టి అంకె పెట్టారు. నా దృష్టిలో ఆ ప్రమాదం నేర్పిన అసలు పాఠం ఆలస్యంగా వచ్చింది: ప్రతి పైలట్ శిక్షణ, పరీక్షల రికార్డును కొత్త సంస్థ చూసి తీరాలని అమెరికా పైలట్ రికార్డుల డేటాబేస్ పెట్టింది. మనిషి ఎన్ని గంటలు నడిపారన్నదాని కన్నా, ఎలా నడిపారన్నది చూడటం అది.

ఎలా నడుపుతారో చూసే అవకాశం నాకు ఒక సంస్థ ఇచ్చింది. పేరు చెప్పను. నేను ఎన్నడూ నడపని 737 సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. వేగాలు, పవర్ సెట్టింగ్‌లు ఉన్న కాగితం ముందురోజే ఇచ్చారు, రాత్రంతా అదే చదివాను. టేకాఫ్‌లో వీ1 (ఇక ఆపకుండా ఎగరాల్సిన వేగం) దాటగానే కుడి ఇంజిన్ ఆపేశారు. ముక్కు కుడికి లాగింది. ఏటీఆర్‌లో అయితే ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయిందో లేదో, అంటే గాలికి అడ్డుపడకుండా బ్లేడ్లు తిరిగాయో లేదో చూడాలి, జెట్‌లో ఆ బాధ లేదు. ఎడమ రడ్డర్ తొక్కి పట్టి, రన్‌వే మధ్య గీత మీద ఉంచి, నెమ్మదిగా లేపాను. పైకి ఎక్కుతోందని ఖాయం చేసుకుని చక్రాలు లోపలికి మడిపించాను. 400 అడుగులు దాటేదాకా ఇంకే స్విచ్ జోలికీ పోలేదు, పక్కనున్నాయన్ను పోనివ్వలేదు. తర్వాత ఆటోపైలట్, ఎటు తిప్పాలో చూపే ఫ్లైట్ డైరెక్టర్ రెండూ తీసేసి, రేడియో సంకేతాల సూదులు చూస్తూ రన్‌వే దాకా దిగే ఐఎల్‌ఎస్ అప్రోచ్ చేత్తో చేయమన్నారు. చాలా రోజుల తర్వాత చేతిలోకి యోక్ (విమానం స్టీరింగ్) వచ్చింది. మొదటి రెండు నిమిషాలు సూది అటూ ఇటూ ఆడింది, ఆ తర్వాత నిలబడింది. దిగాక ఎగ్జామినర్ కుర్చీ వెనక్కి జరిపి, "మీకు శిక్షణ ఇవ్వడం మాకు పెద్ద పని కాదు" అన్నారు. ఆ మాటతో ఇంటికొచ్చాను.

కొన్ని వారాలకు మెయిల్ వచ్చింది. రీసెన్సీ నిబంధన కింద ఎంపిక చేయలేకపోతున్నామని. నేను దరఖాస్తు పెట్టినప్పుడు ఆ రీసెన్సీ ఎంతుందో వాళ్లకు తెలుసు. నా చివరి ఫ్లైట్ తేదీ ఫారంలోనే ఉంది. సిమ్యులేటర్‌లో కళ్లతో చూసినదాని కన్నా ఆ తేదీయే ఎక్కువైతే పరీక్ష పెట్టడం దేనికి? రిపోర్టు కాపీ ఇవ్వమని అడిగాను. అది సంస్థ అంతర్గత పత్రమని జవాబొచ్చింది. అది నా చేతిలో ఉంటే ఇంకో సంస్థకైనా చూపించుకునేదాన్ని.

నాకన్నా కష్టంలో ఉన్నవాళ్లున్నారు. నాతో పనిచేసిన ఒక అమ్మాయి ప్రసవం కోసం సెలవు పెట్టింది. ఆమె తిరిగొచ్చేసరికి సంస్థ లేదు. ఇప్పుడు ప్రతి ఫారంలోనూ ఆ గ్యాప్‌కు కారణం రాయాల్సి వస్తోంది. కొందరు కుర్రాళ్లు అప్పు చేసి సొంతంగా ఏ320 రేటింగ్ చేయించుకున్నారు. రేటింగ్ ఉంది, ఆ విమానం మీద నిజమైన గంట ఒక్కటీ లేదు. ఏడాది తిరిగేసరికి దాని గడువు తీరుతుంది, నిలబెట్టుకోవాలంటే మళ్లీ సిమ్యులేటర్ ఖర్చు. దేశం మారదామంటే లైసెన్స్ మార్పిడి ఇంకో పరీక్ష: యూరప్‌లో అయితే థియరీలోనే 13 సబ్జెక్టులు రాయాలి, వేల గంటలున్న కెప్టెన్ అయినా సరే. బ్రెగ్జిట్ పుణ్యమా అని 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ లైసెన్స్ యూరప్ విమానాలకు పనికిరాకుండా పోయింది. ముందురోజు రాత్రి ఉన్న నైపుణ్యం తెల్లారేసరికి ఎవరికీ పోలేదు, కాగితమే చెల్లలేదు. ఇక వయసు. పెద్ద విమానాల్లో 65 దాకా నడపొచ్చని అంతర్జాతీయ నియమం. యాభై ఏళ్ల పైలట్‌కు ఇంకా పదిహేనేళ్ల సర్వీసు ఉంటుంది. ఫోన్ చేస్తే మాత్రం "మేం కొంచెం చిన్నవాళ్లను చూస్తున్నాం" అంటారు.

మేం కోరుతున్నది దయాదాక్షిణ్యాలు కాదు. ప్రమాణం తగ్గించమనీ అడగడం లేదు, పరీక్ష పెట్టమంటున్నాం. టైప్ గంటలు, రీసెన్సీ లేవని కంప్యూటర్ తీసి పారేసే ముందు, మొత్తం అనుభవం, శిక్షణ రికార్డు చూసి సిమ్యులేటర్‌కు పిలవండి. ఫెయిలైతే పంపేయండి, ఎవరూ నోరెత్తరు. పాసైతే రిఫ్రెషర్ ఇవ్వండి, టైప్ నేర్పించండి, దానికి న్యాయమైన బాండ్ రాయించుకోండి. నేను సంతకం పెడతాను, నాలాంటి వాళ్లు చాలామంది పెడతారు. వెంటనే లైన్ మీదకు పంపగల పైలట్లే కావాలనుకుంటే ప్రకటనలో ఆ మాట మొదటి వరసలోనే రాయండి, మిగతావాళ్ల సమయం మిగులుతుంది. కాదన్నప్పుడు కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. సిమ్యులేటర్ పరీక్ష రిపోర్టు పైలట్‌కే ఇవ్వాలని నియంత్రణ సంస్థలు నిబంధన పెట్టాలి. మెడికల్ రిపోర్టు మాకు ఇస్తున్నప్పుడు ఇది ఎందుకివ్వరు?

మీ పత్రికను కూడా ఒకటి కోరుతున్నాను. ఈసారి ఏ సంస్థ ప్రతినిధైనా పైలట్ల కొరత గురించి మీ విలేకరితో మాట్లాడితే, గడిచిన ఏడాదిలో లైసెన్స్, మెడికల్ ఉండి 1,500 గంటలు దాటినవాళ్లు ఎంతమంది దరఖాస్తు పెట్టారో, అందులో ఎంతమందిని సిమ్యులేటర్ దాకా కూడా పిలవకుండా తిరస్కరించారో అడగండి. ఆ రెండు అంకెలూ కొరత అంకె పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక ఏటీఆర్ కెప్టెన్